వాహనాల వినైల్ స్టిక్కరింగ్: కర్నూలు, కడప ప్రాంతం

వాహనం మీద పేరు, బొమ్మ, ప్రకటన, రాత్రిపూట మెరిసే పట్టీ వంటివాటిని కుంచెతో రాయకుండా, వెనక జిగురు పూసిన పలుచని ప్లాస్టిక్ పొరతో అతికించే పనిని వినైల్ స్టిక్కరింగ్ అంటారు. కర్నూలు, కడప ప్రాంతంలో ఈ పని చేసే దుకాణాలు ఎక్కువమందికి రేడియం షాపులుగానే తెలుసు. ఆటో మీద అమ్మానాన్నల పేర్ల నుంచి లారీ వెనక ఎర్రటి మెరుపు పట్టీ దాకా అన్నీ అక్కడే తయారవుతాయి. కోస్తాలో స్టిక్కర్‌ను చెడగొట్టేది ప్రధానంగా తేమ, ఉప్పుగాలి. ఈ మెట్టసీమలో ఆ పని ఎండ, దుమ్ము, బోరునీళ్లు చేస్తాయి. అందుకే ఇక్కడ స్టిక్కర్ ఎన్నాళ్లుంటుందన్నది డిజైన్ మీద కన్నా మూడు సంగతుల మీద ఎక్కువగా ఆధారపడుతుంది: ఏ రకం పొర వాడారు, బండిలో ఏ భాగం మీద వేశారు, రోజూ ఎలా తుడుస్తున్నారు.

నేపథ్యం

వినైల్ అని వాడుకలో పిలిచేది పాలీవినైల్ క్లోరైడ్, అంటే పీవీసీ. జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూజెన్ బామన్ 1872లో దీన్ని వర్ణించాడు. కానీ అది పెళుసు పదార్థం కావడంతో చాలాకాలం అక్కరకు రాలేదు. 1926లో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్ దానికి మెత్తదనం ఇచ్చే నూనెల వంటి పదార్థాలు కలిపి, వంగే ప్లాస్టిక్‌గా మార్చాడు. 1935లో స్టాంటన్ ఏవరీ, వెనక కాగితం ఒలిచి అతికించే లేబుళ్ల వ్యాపారం మొదలుపెట్టాడు. 1939లో త్రీఎం కంపెనీ తయారుచేసిన కాంతిని తిప్పికొట్టే పొరతో మినియాపొలిస్‌లో రోడ్డు గుర్తు వెలిసింది. మెత్తటి వినైల్, ఒలిచి అతికించే జిగురు, కాంతిని తిప్పికొట్టే పొర అనే ఈ మూడే నేటి వాహన స్టిక్కర్లకు మూలాలు. బండి మొత్తాన్ని చుట్టే ర్యాప్ పద్ధతి 1990లలో ఊపందుకుంది. జర్మనీలో టాక్సీలకు ఒకే లేత గోధుమ రంగు ఉండాలన్న నిబంధన వల్ల, చాలామంది యజమానులు అసలు రంగును చెడగొట్టకుండా పైన ఆ రంగు వినైల్ చుట్టించారు. టాక్సీగా పని తీరాక పొర ఒలిచేస్తే కింద పాత కారే మిగిలేది.

తెలుగు నేల మీద అంతకుముందు ఈ పనంతా ఎనామిల్ రంగుల పెయింటర్లదే. దుకాణం బోర్డు రాసిన చెయ్యే లారీ నుదుటి మీద యజమాని పేరు, తలుపు మీద చిరునామా, వెనక తామరపూవు వేసేది. 1960లలో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్ వంటి బాడీ బిల్డింగ్ కేంద్రాల నుంచి వచ్చే లారీలు ఆ రంగులతోనే రోడ్డెక్కేవి. కంప్యూటరు, పొరను అక్షరాలుగా కోసే కటింగ్ ప్లాటరు, ఆ తర్వాత ఫ్లెక్స్ ప్రింటింగ్ జిల్లా కేంద్రాలకు చేరాక బొమ్మలు, పేర్లు వినైల్‌కు మారాయి. కుంచె పని పూర్తిగా పోలేదు. చెక్కపలకల లారీ బాడీ మీద వినైల్ నిలవదు. గరుకు చెక్కకు జిగురు పట్టదు, పలకల సందుల్లో పొర చిరుగుతుంది. కాబట్టి ఒకే లారీ మీద క్యాబిన్‌కు స్టిక్కరు, చెక్క బాడీకి ఎనామిల్ రంగు కనిపించడం ఇప్పటికీ మామూలే.

ఏ బళ్లపై ఏం కనిపిస్తుంది

హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే 44వ జాతీయ రహదారి కర్నూలు మీదుగా పోతుంది. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు వచ్చి రాయచోటి వైపు సాగేది 40వ జాతీయ రహదారి. ఈ రెండు దారుల్లో తిరిగే బళ్లను చూస్తే ఇక్కడి స్టిక్కరింగ్ స్వరూపం తెలుస్తుంది. బేతంచెర్ల నాపరాయి, కడప నల్లరాయి, ఎర్రగుంట్ల సిమెంటు, మంగంపేట ముగ్గురాయి మోసే లారీలకు ప్రధానంగా కావలసినవి రిఫ్లెక్టర్ పట్టీలు, ట్రాన్స్‌పోర్టు పేరు, ఫోన్ నంబరు. కర్నూలు మార్కెట్‌కు ఉల్లి, పత్తికొండ వైపు నుంచి టమాటా తెచ్చే బొలెరోలు, ట్రాలీ ఆటోలు దేవుడి బొమ్మతో పాటు పిల్లల పేర్లు వేయించుకుంటాయి. నీళ్ల క్యాన్ల బళ్లు, బడి బస్సులు, వస్త్ర దుకాణాల డెలివరీ బళ్లు ప్రకటన కోసం ఒక వైపంతా ప్రింటింగ్ స్టిక్కర్ వేయిస్తాయి.

దేవుళ్ల ఎంపికలో ప్రాంతం స్పష్టంగా కనబడుతుంది. ఎమ్మిగనూరు, ఆదోని వైపు మంత్రాలయం రాఘవేంద్రస్వామి, ఆళ్లగడ్డ వైపు అహోబిల నరసింహుడు, ఆత్మకూరు దారిలో శ్రీశైల మల్లన్న, మైదుకూరు వైపు పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ఎక్కువగా కనిపిస్తారు. కడపలో పెద్ద దర్గా గుమ్మటం, 786 అంకె, చాలా బళ్ల మీద శిలువ కూడా ఉంటాయి. సినిమా హీరోలు, రాజకీయ నాయకుల ముఖాలు వీటి పక్కనే చోటు చేసుకుంటాయి.

ప్రభుత్వ పథకాలు కూడా ఈ మాధ్యమాన్ని పెద్దఎత్తున వాడుకున్నాయి. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటింటికీ రేషన్ అందించడానికి 9,260 బళ్లను ప్రారంభించింది. ఒకే రంగులు, ఒకే బొమ్మలతో అవి అన్ని జిల్లాలకూ వెళ్లాయి. అప్పుడే వచ్చిన పంచాయతీ ఎన్నికల వేళ ఆ రంగులు అధికార పార్టీ జెండాను పోలి ఉన్నాయని, మార్చాలని రాష్ట్ర ఎన్నికల సంఘం ఆదేశించగా, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. తర్వాతి ప్రభుత్వం 2025 జూన్ 1 నుంచి ఆ బళ్ల ద్వారా సరఫరాను ఆపి, చౌకదుకాణాల పద్ధతికి తిరిగి వచ్చింది. బండి మీది బొమ్మకు ప్రజా జీవితంలో ఎంత బరువుందో ఈ ఉదంతం చూపింది.

వాతావరణ ప్రభావం

కర్నూలు సుమారు 15.8 డిగ్రీల, కడప 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. కడపలో ఏప్రిల్ చివర్లో, కర్నూలులో మే మొదటి వారంలో, రెండుచోట్లా మళ్లీ ఆగస్టు రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఈ మధ్యకాలమంతా నడినెత్తి నుంచి తొమ్మిది డిగ్రీలకు మించి పక్కకు జరగడు. దీని ఫలితం బండి మీద సూటిగా కనిపిస్తుంది. బానెట్, టాపు వంటి పడుకున్న భాగాలకు ఎండ నిలువునా తగులుతుంది, తలుపులు, పక్కపలకలకు ఏటవాలుగా తగులుతుంది. ఒకే రోజు, ఒకే రోలు నుంచి కోసి వేసిన స్టిక్కరు తలుపు మీద బాగానే ఉండగా బానెట్ మీద బీటలు వారడానికి ఇదే కారణం. ఈ ఎండే కర్నూలుకు సమీపంలోని గని, శకునాల గ్రామాల పరిధిలో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కును నిలబెట్టింది.

ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం ఇక్కడ మామూలు. ఎండలో నిలిపిన నల్లరంగు రేకు వేడి, గాలి ఉష్ణోగ్రత కన్నా చాలా ఎక్కువకు, 70 డిగ్రీల దాకా పోగలదు. అతినీలలోహిత కిరణాలు పీవీసీ అణువుల గొలుసులను తెంపుతాయి. వేడి పొరలోని మెత్తదనపు పదార్థాన్ని బయటకు లాగుతుంది. ఈ రెండూ కలిసి పొరను మొదట ముడుచుకునేలా, తర్వాత పెళుసు బారేలా చేస్తాయి. వాన సాలుకు దాదాపు 700 మిల్లీమీటర్లే, అదీ ఎక్కువగా జూన్ నుంచి నవంబరు లోపు. మిగతా నెలల్లో బండి మీద చేరిన దుమ్మును కడిగే వాన ఉండదు.

పొరల రకాలు

పొర తయారీలో రెండు దారులున్నాయి. కాస్ట్ పొరను ద్రవంగా పరచి ఓవెన్లలో ఆరబెడతారు. క్యాలెండర్డ్ పొరను వేడి రోలర్ల మధ్య ఒత్తి సాగదీస్తారు. ఒకటి పెనం మీద పోసిన దోసె, రెండోది కర్రతో ఒత్తిన చపాతీ. పోసిన దానిలో లాగుడు ఉండదు, ఒత్తిన దానిలో వెనక్కి ముడుచుకునే గుణం మిగిలే ఉంటుంది. క్యాలెండర్డ్ స్టిక్కరు కొన్నాళ్లకు అంచుల వెంట సన్నగా కుంచించుకుపోయి, చుట్టూ నల్లటి జిగురు గీత బయటపడటం ఈ గుణం వల్లే. ఆ జిగురు గీతకు దుమ్ము పట్టుకోగానే ఊడటం మొదలవుతుంది.

కాస్ట్ పొర మందం 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. పలుచన కాబట్టి వంపులకు, రివిట్లకు, గాడులకు ఒదుగుతుంది. క్యాలెండర్డ్ పొరలు 70 నుంచి 100 మైక్రాన్ల దాకా ఉంటాయి. వీటిలో మళ్లీ రెండు తరగతులు. మోనోమెరిక్ చవక, త్వరగా ముడుచుకుంటుంది. పాలిమెరిక్ మధ్యరకం, ధర కాస్త ఎక్కువ, నిలకడ మేలు. సమశీతోష్ణ దేశాల్లో, నిలువు పలక మీద మోనోమెరిక్ మూడేళ్ల వరకు, పాలిమెరిక్ అయిదు నుంచి ఏడేళ్లు, కాస్ట్ ఏడు నుంచి పదేళ్లు మన్నుతాయన్నది పరిశ్రమలో సాధారణ అంచనా. కంపెనీలు ఎండ దేశాలకు, అందులోనూ పడుకున్న ఉపరితలాలకు ఈ గడువును బాగా తగ్గించి చెబుతాయి. రాయలసీమలో బానెట్ మీద వేసే పొరకు పెట్టె మీది అంకెలో సగం కూడా ఆశించకపోవడం మంచిది.

రిఫ్లెక్టివ్ పొర వేరే జాతి. రేడియం అనే వాడుక దీని నుంచే వ్యాపించినా, ఇందులో రేడియం మూలకం ఉండదు. సన్నని గాజుపూసలో, సూక్ష్మ పట్టకాలో హెడ్‌లైటు వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. పైపొర గీరుకుపోయినా, దుమ్ము గడ్డకట్టినా మెరుపు తగ్గుతుంది. ఇవి కాక అద్దాల కోసం సన్నని చిల్లులతో వన్ వే విజన్ పొర, రంగును కాపాడే పారదర్శక పాలీయూరిథేన్ పొర కూడా దొరుకుతాయి. పాలీయూరిథేన్ పొర పీవీసీ కాదు, ధర చాలా ఎక్కువ. జిల్లా కేంద్రాల్లో దాన్ని ఎక్కువగా కొత్త కార్లకు, ఖరీదైన బైకులకు వాడతారు.

బొమ్మ వేసే తీరును బట్టి దుకాణాల్లో పనిని రెండుగా చూస్తారు. రంగు వినైల్‌నే అక్షరంగా కోసేది కటింగ్ స్టిక్కర్. తెల్ల వినైల్ మీద బొమ్మ ముద్రించేది ప్రింటింగ్ స్టిక్కర్. కటింగ్‌లో రంగు పొర మందమంతా ఉంటుంది కాబట్టి ఎక్కువకాలం నిలుస్తుంది. ప్రింటింగ్‌లో రంగు పైన పూసిన సిరా మాత్రమే. ముద్రించిన వెంటనే అతికిస్తే సిరాలోని ద్రావకం జిగురులోకి దిగి పట్టును చెడగొడుతుంది. సాల్వెంట్ సిరాతో ముద్రించినదాన్ని కనీసం ఒక రోజు ఆరనిచ్చి, పైన లామినేషన్, అంటే పారదర్శక రక్షణ పొర, వేయాలి. లామినేషన్ లేని ప్రింటు ఈ ఎండకు కొద్ది నెలల్లోనే వెలిసిపోతుంది.

ఎంపిక

మొదట తేల్చుకోవలసింది స్టిక్కరు ఎన్నాళ్లు ఉండాలన్నది. తిరునాళ్లకు, పెళ్లికి, ఎన్నికలకు, బడి అడ్మిషన్ల ప్రచారానికి మోనోమెరిక్ సరిపోతుంది. దానికి కాస్ట్ వాడటం డబ్బు వృథా. బతుకుదెరువు బండి మీద సంస్థ పేరు, ఫోన్ నంబరు ఉన్నచోట మోనోమెరిక్ వేయిస్తే ఏడాదికే మళ్లీ దుకాణానికి రావాలి. తలుపులకు పాలిమెరిక్, వంపులున్న భాగాలకు, బానెట్‌కు కాస్ట్ అన్న విభజన ఖర్చుకూ మన్నికకూ పొంతన కుదురుస్తుంది. లామినేషన్ పొర కూడా కిందిదాని తరగతిదే కావాలి. కాస్ట్ మీద చవక లామినేషన్ వేస్తే పైపొర ముడుచుకుంటూ కింది దాన్ని కూడా లేపుతుంది.

రంగుల విషయంలో ఎండ పక్షపాతం చూపుతుంది. తెలుపు, నలుపు, నీలం నిలకడగా ఉంటాయి. ఎరుపు గులాబీ రంగుకు, పసుపు పాలిపోయిన తెలుపుకు దిగుతాయి. ముద్రించిన ముఖాల్లో ముందుగా పోయేవి ఎరుపు, పసుపు సిరాలే. అందుకే పాత ప్రింటింగ్ స్టిక్కర్లలో దేవుడైనా హీరో అయినా నీలంగా మారతారు. ఎరుపు తప్పనిసరైతే ఎర్ర కటింగ్ వినైల్ వాడి, దాని చుట్టూ తెలుపు గీత ఇవ్వడం మేలు. పెద్ద నల్లటి మచ్చ బానెట్‌కు తగదు. అది చుట్టుపక్కల రేకు కన్నా ఎక్కువగా కాగి, తన జిగురును తానే మెత్తబరుచుకుంటుంది.

తెలుగు లిపికి ఈ పనిలో ఒక అనుకూలం, ఒక చిక్కు ఉన్నాయి. గుండ్రని అక్షరాలకు కోణాలు తక్కువ, కాబట్టి మూలలు లేవడమూ తక్కువ. అయితే తలకట్టు కొస, సున్నితమైన గుడి చివర, విడిగా నిలిచే ఒత్తు సన్నని ముక్కలు. నీళ్ల ధారకు, గుడ్డకు మొదట ఊడిపోయేవి ఇవే. స్త్రీ, లక్ష్మి, రాఘవేంద్ర వంటి మాటల్లో ఒత్తును అసలు అక్షరానికి తాకేలా కలిపి కోస్తే ఆ ముక్క నిలుస్తుంది. పదం మొత్తం వెనక ఒకే రంగు నేపథ్య పొర వేయడం మరో ఉపాయం. దుకాణాల్లో ఎక్కువకాలం నుంచి వాడుకలో ఉన్నవి అను ఫాంట్లు. ఉచితంగా దొరికే రామభద్ర, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లలో రామభద్ర లాంటి లావు రూపాలే స్టిక్కరుకు నప్పుతాయి. ప్రతి 25 మిల్లీమీటర్ల అక్షరం ఎత్తుకు సుమారు మూడు మీటర్ల దూరం నుంచి హాయిగా చదవవచ్చన్నది బోర్డుల పనిలో పాత లెక్క. ప, ష, ఫ వంటి పోలికలున్న తెలుగు అక్షరాలకు ఇంకాస్త ఎత్తు అవసరం.

అతికించే విధానం

ఉపరితలం సిద్ధం చేయడంతోనే సగం పని అయిపోతుంది. కొత్తగా పెయింటింగ్ చేయించిన బండికి వెంటనే స్టిక్కరు వేయకూడదు. రంగులోంచి ఆవిర్లు కొన్ని వారాల పాటు వస్తూనే ఉంటాయి, పొర కింద బుడగలవుతాయి. తుప్పు, ఊడుతున్న రంగు, పుట్టీ బీటలు ఉన్నచోట జిగురు రంగునే పట్టుకుంటుంది, రేకును కాదు. బంపర్ల గరుకు నల్ల ప్లాస్టిక్‌కు మామూలు జిగురు నిలవదు.

బండిని ముందురోజు సబ్బునీళ్లతో కడిగి, నీడన పెట్టాలి. మెరుపు కోసం పూసిన పాలిష్, మైనం పూర్తిగా పోవాలి. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరేలోపే రెండో పొడి గుడ్డతో ఎత్తేయాలి. తలుపు అంచులు, బీడింగ్ సందులు, రివిట్ల చుట్టూ దాగిన దుమ్మును ప్రత్యేకంగా తీయాలి. స్టిక్కరు ఊడటం మొదలయ్యేది అక్కడే.

జిగురుకు అనువైన ఉష్ణోగ్రత 15 నుంచి 30 డిగ్రీల మధ్య. వేసవిలో ఇది తెల్లవారుజాము నుంచి ఎనిమిది, తొమ్మిది గంటల దాకా మాత్రమే దొరుకుతుంది. వేడెక్కిన రేకు మీద జిగురు తాకీ తాకగానే పట్టేస్తుంది, సరిచేయడానికి ఎత్తితే పొర సాగుతుంది. పొద్దుగూకాక పనిచేస్తే రేకు చల్లబడుతుంది గానీ, వానాకాలంలో లైటు వెలుగుకు వచ్చే పురుగులు పొర కింద చిక్కుకుంటాయి. పని మొదలుపెట్టే ముందు నేల మీద నీళ్లు చల్లి, ఫ్యాను ఆపడం దుమ్మును అణచడానికి తేలికైన మార్గం.

కటింగ్ స్టిక్కరును ముందు ప్లాటరుతో కోసి, అక్కర్లేని ముక్కలను సూదితో ఒలిచి, మిగిలిన అక్షరాలను ఒకేసారి ఎత్తడానికి పైన ట్రాన్స్‌ఫర్ టేపు వేస్తారు. బండి మీద కొలత చూసి, మధ్యలో నిలువుగా మాస్కింగ్ టేపుతో బిగించి, ఒక పక్క వెనక కాగితం ఒలిచి కత్తిరిస్తారు. స్క్వీజీ పలకను 45 డిగ్రీల వాలులో పట్టుకుని, మధ్య నుంచి అంచుకు, ఒక గీత మీద మరో గీత కొంత పడేలా ఒత్తుకుంటూ పోవాలి. తర్వాత రెండో పక్కా అంతే. ట్రాన్స్‌ఫర్ టేపును పైకి కాక, దాదాపు వెనక్కి మడిచి ఒలవాలి.

చిన్న అక్షరాలకు, గాలి కాలువలున్న ఖరీదైన పొరలకు పొడి పద్ధతి మంచిది. చదునైన పెద్ద ముక్కలకు నీళ్లలో రెండు చుక్కల షాంపూ కలిపి చల్లే తడి పద్ధతి వాడవచ్చు. దీనికి బోరునీళ్లు పనికిరావు. నీరు ఆరాక సున్నపు లవణాలు జిగురు కింద మిగులుతాయి. క్యాన్లలో అమ్మే శుద్ధి చేసిన నీళ్లు వాడటం మేలు. తడి పద్ధతిలో నీటిని పూర్తిగా బయటకు నెట్టకపోతే ఆ తర్వాత ఎండకు అదే ఆవిరై బుడగ లేపుతుంది.

గాడులు, వంపుల దగ్గర హీట్ గన్‌తో పొరను మెత్తబరిచి ఒదిగిస్తారు. అవసరానికి మించి సాగదీస్తే ఆచోట పొర పలుచబడి, మళ్లీ వేడెక్కగానే వెనక్కి లాగుతుంది. దీన్ని ఆపడానికి కాస్ట్ పొరను ఒదిగించిన చోట చివరగా 90 డిగ్రీలకు పైగా వేడి చేసి పొర జ్ఞాపకాన్ని, అంటే సాగదీశాక వెనక్కి లాగే గుణాన్ని, చెరిపేస్తారు. తలుపు సందుల్లో పొరను లోపలికి మడిచి అతికించాలి. అంచు దాకా తెచ్చి ఆపేస్తే గాలి దాన్ని లేపుతుంది. మిగిలిన పెద్ద బుడగను సూదితో ఒకచోట పొడిచి ఒత్తాలి, బ్లేడుతో కోయకూడదు. ఆవగింజంత బుడగలు చాలావరకు కొన్ని రోజుల్లో వాటంతట అవే అణుగుతాయి. జిగురు పూర్తి పట్టు సాధించడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా బండిని కడగకూడదు.

సంరక్షణ

ఈ ప్రాంతంలో స్టిక్కరును ఎక్కువగా అరగదీసేది పొద్దున్నే పొడిగుడ్డతో బండి తుడిచే అలవాటు. నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి మట్టి మెత్తగా ఉంటుంది. కొండదారుల ఎర్రమట్టిలో, రాతి క్వారీల పొడిలో గట్టి రేణువులు ఉంటాయి. గుడ్డ కింద అవి ఉప్పుకాగితం పని చేస్తాయి. ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్మును కారనిచ్చి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ, తేలిక షాంపూ వాడాలి. నీటికి కరువున్న ఊళ్లలో రోజూ పొడిగా తుడవడం కన్నా వారానికొకసారి కడగడం స్టిక్కరుకు మంచిది.

బోరునీళ్లతో ఎండలో కడిగితే చుక్కలు ఆరినచోట తెల్లటి మచ్చలు మిగులుతాయి. నీడలో కడిగి, వెంటనే ఆరేలా తుడిస్తే సరిపోతుంది. పడిన మచ్చలను నీటిలో కలిపిన వెనిగర్‌తో తీసి, మంచి నీళ్లతో మళ్లీ కడగాలి. సిమెంటు లారీల సంగతి వేరు. ఎర్రగుంట్ల, చిలంకూరు వైపు తిరిగే బళ్ల మీది సిమెంటు పొడి మంచుకు, చిరుజల్లుకు తడిస్తే పొర మీదే గట్టిపడుతుంది. పైగా దానికి క్షారగుణం ఉంది. అది తడవక ముందే గాలితో ఊది, ఎక్కువ నీటితో కడగాలి.

నిగనిగలాడటానికి డీజిలు, కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడిస్తే అంచుల్లో జిగురు కరుగుతుంది. బైకు ట్యాంకు మూత దగ్గర ఒలికిన పెట్రోలు కూడా ఇదే పని చేస్తుంది. దాన్ని ఆరనివ్వకుండా కడగాలి. సర్వీసు సెంటర్లలో ప్రెషర్ వాటర్ కొట్టేటప్పుడు ముక్కును కనీసం 300 మిల్లీమీటర్ల దూరంలో, పలకకు ఎదురుగా పట్టుకోవాలి. ఏటవాలుగా అంచు కింద కొడితే మంచి స్టిక్కరు కూడా లేస్తుంది. పక్షుల రెట్ట, చెట్ల బంక అదేరోజు నీళ్లతో నాననిచ్చి తీయాలి. ఆయుధపూజ నాడు బండికి పెట్టే పసుపు, కుంకుమ, గంధం కూడా లేత రంగు వినైల్‌లోకి ఇంకుతాయి. పూజ ముగిసిన మర్నాడే కడిగితే మరక నిలవదు. బొట్టును స్టిక్కరు మీద కాక రేకు మీద పెట్టడం ఇంకా సులువు.

చివరగా, అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే జాగ్రత్త నీడ. మధ్యాహ్నం స్టాండులో ఆగే ఆటోను చెట్టు కిందకు, లేదా కనీసం ఎక్కువ బొమ్మలున్న వైపు పడమరకు కాకుండా నిలిపినా పొరకు ఆయువు పెరుగుతుంది.

తొలగింపు

స్టిక్కరును బీటలు రాకముందే తీయాలి. మెత్తదనం ఉన్నంతకాలం అది ఒకే ముక్కగా వస్తుంది. పెళుసు బారాక గోరంత ముక్కలుగా రాలి, జిగురును రేకు మీదే వదులుతుంది. హీట్ గన్‌తో గోరువెచ్చగా చేసి, మూల లేపి, నెమ్మదిగా ఒకే వేగంతో లాగాలి. మిగిలిన జిగురును కిరోసిన్‌తోనో, నారింజ నూనెల ద్రావకంతోనో తుడిచి, వెంటనే సబ్బునీళ్లతో కడగాలి. ఇనుప బ్లేడుతో గీకితే రంగు పోతుంది. తీసిన చోట అక్షరం ఆకారంలో కొత్త రంగు మిగలడం స్టిక్కరు దోషం కాదు. చుట్టూ ఉన్న రంగు ఎండకు వెలిసింది, కిందిది వెలవలేదు. పాలిష్‌తో ఈ తేడా కొంత తగ్గుతుంది.

చట్టపరమైన హద్దులు

నంబరు ప్లేటుకు సంబంధించి కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 కచ్చితంగా ఉంది. రిజిస్ట్రేషన్ గుర్తు ఇంగ్లీషు అక్షరాల్లో, అరబిక్ అంకెల్లో, నిర్ణీత కొలతల్లో ఉండాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన వాహనాలకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. దానిపై బొమ్మలు, పేర్లు, రంగు స్టిక్కర్లు అతికించడం నేరం. ముందు అద్దం లోపల అంటించే మూడో రిజిస్ట్రేషన్ గుర్తు స్టిక్కరును కూడా కప్పకూడదు.

అద్దాల విషయంలో అదే నియమావళి ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుగు రావాలంటుంది. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అవిషేక్ గోయెంకా కేసులో కార్ల అద్దాలకు నల్ల ఫిల్ముల వాడకాన్ని నిషేధించింది. ముందు అద్దం పైభాగంలో పెద్ద అక్షరాల పట్టీ, డ్రైవరు చూపుకు అడ్డొచ్చే దేవుడి బొమ్మ కూడా ప్రమాదకరమే.

రవాణా వాహనాలకు రిఫ్లెక్టివ్ టేపు అలంకారం కాదు, విధి. ఏఐఎస్-090 ప్రమాణం ప్రకారం ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు ఉండాలి. రాత్రిపూట రోడ్డు పక్కన ఆగిన లారీని వెనక వచ్చే బండికి చూపేది ఈ పట్టీయే కాబట్టి, దాన్ని కప్పుతూ వేరే స్టిక్కరు వేయడం, ఎరుపును ముందు వేయడం తప్పు. బండి రంగు ఆర్‌సీలో నమోదవుతుంది గనుక పూర్తి రంగు మార్చే ర్యాప్ వేయించేవారు రవాణా కార్యాలయంలో ఆ మార్పును నమోదు చేయించుకోవాలి. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు, ప్రచారానికి అనుమతి లేని వాణిజ్య వాహనాలపై పార్టీ జెండాలు, స్టిక్కర్లు ఉండకూడదు. ఆ సమయంలో ఆటోల మీది నాయకుల బొమ్మలు తీసేయడమో కప్పడమో జరుగుతుంది.

వ్యర్థాలు

కోతలో మిగిలే ముక్కలు, ఒలిచిన పాత స్టిక్కర్లు, సిలికాన్ పూసిన వెనక కాగితం ప్రతి దుకాణం దగ్గరా పోగవుతాయి. పీవీసీలో క్లోరిన్ ఉన్నందున దాన్ని బహిరంగంగా కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు, డయాక్సిన్లు వెలువడతాయి. సిలికాన్ కాగితం మామూలు కాగితంతో కలిసి పునర్వినియోగానికి పోదు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించి, అమలు తేదీని నవంబరు 1 నుంచి 2023 జనవరి 26కు జరిపింది. ఆ నిర్ణయం బ్యానర్లకు సంబంధించినదే అయినా, ఫ్లెక్స్, స్టిక్కర్ రెండూ ఒకే దుకాణంలో, ఒకే యంత్రాల మీద నడిచే ఈ జిల్లాల్లో దాని ప్రభావం రేడియం షాపుల దాకా వచ్చింది. వ్యర్థాన్ని తగ్గించే మార్గం కొనే దశలోనే ఉంది. అయిదేళ్లు నిలవవలసిన చోట ఏడాదికే రాలిపోయే పొర వేయిస్తే, అదే తలుపు మీద అదే పేరుకు అయిదుసార్లు ప్లాస్టిక్ ఖర్చవుతుంది.